కొలవెన్ను వెంకటేష్ కారుణ్య మరణ అభ్యర్థన

కొలవెన్ను వెంకటేష్ హైదరాబాదుకు చెందిన చదరంగ క్రీడాకారుడు. తాను బ్రతికి ఉండగానే తన అవయవాలను ఇతరులకు దానం చేసి మరణించేందుకు అనుమతి కోరి, 2004 డిసెంబరులో దేశమంతటా చర్చకు కారకుడయ్యాడు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ అభ్యర్థనను తిరస్కరించింది. కొద్ది రోజులకే, 25 ఏళ్ళ వయసులో, అతడు మరణించాడు. (అతని ఇంటిపేరుతోనే కృష్ణా జిల్లా కంకిపాడు మండలంలో, విజయవాడకు సమీపాన ఒక గ్రామం ఉంది.)

వ్యాధి
వెంకటేష్‌కు డుషేన్ కండరాల క్షీణత వ్యాధి ఉండేది. డిస్ట్రోఫిన్ అనే మాంసకృత్తిని తయారుచేసే జన్యువులోని లోపం దీనికి కారణం. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉంటుంది కనుక వ్యాధి ప్రధానంగా మగపిల్లలకే వస్తుంది. మొదట కాళ్ళు బలహీనపడతాయి, సాధారణంగా పన్నెండేళ్ళ ప్రాంతానికి చక్రాల కుర్చీ అవసరమౌతుంది, చివరకు ఊపిరి తీసే కండరాలు, గుండె దెబ్బతింటాయి. అయితే రోగి స్పృహ, ఆలోచనాశక్తి చాలావరకు చెక్కుచెదరవు. వెంకటేష్ తన కోరికను తానే చెప్పగలిగాడు. ఈ కేసులోని చిక్కు అంతా అక్కడే ఉంది.

అభ్యర్థన, తిరస్కృతి
వెంటిలేటరుపై ఉన్న కుమారుని తరఫున తల్లి సుజాత హైకోర్టును ఆశ్రయించారు. వెంకటేష్ కోరినది కేవలం బాధ నుండి విముక్తి కాదు. తాను సహజంగా మరణించేసరికి గుండె, మూత్రపిండాలు, కాలేయం వంటివి పనికిరాకుండా పోతాయని, అవి బాగున్నప్పుడే ఇచ్చివేయాలని అతని తపన. గుండె ఆగిన తరువాత కూడా కొన్ని గంటలపాటు కళ్ళను సేకరించవచ్చు గానీ, పెద్ద అవయవాలకు రక్తప్రసరణ ఆగితే అవి త్వరగా చెడిపోతాయి.

చట్టం ఇందుకు అంగీకరించలేదు. రాష్ట్రంలో అప్పుడు అమలులో ఉన్న 1995 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం ప్రకారం, మెదడు కాండం మరణించినదని వైద్యులు ధ్రువీకరించిన తరువాతనే అటువంటి అవయవాలను తీయవచ్చు. స్పృహలో ఉన్న మనిషి గుండెను తీయడమంటే, అతడు ఎంత మనస్ఫూర్తిగా కోరినా, న్యాయశాస్త్రం దృష్టిలో హత్యే. చట్టంలో అవకాశం లేదంటూ హైకోర్టు పిటిషన్‌ను కొట్టివేసింది. వెంకటేష్ కోరిన రూపంలో అవయవదానం జరగలేదు.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి: యంత్ర సహాయాన్ని వద్దనే హక్కు ఒకటి, వైద్యుని చేత ప్రాణం తీయించుకునే హక్కు మరొకటి. ఆనాటి పత్రికా చర్చలు ఈ రెంటినీ 'మెర్సీ కిల్లింగ్' అనే ఒకే మాటతో వ్యవహరించడం వలన తికమక పెరిగింది.

న్యాయ నేపథ్యం
ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా పరిగణించే భారత శిక్షాస్మృతి 309వ సెక్షను చెల్లుతుందని ఇదే హైకోర్టు 1987లో చెన్న జగదీశ్వర్ కేసులో తీర్పు చెప్పింది. 1994లో పి.రత్నం, నాగభూషణ్ పట్నాయక్‌ల పిటిషన్లపై సుప్రీంకోర్టు ఆ సెక్షను చెల్లదన్నది. 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును త్రోసిపుచ్చి, జీవించే హక్కులో మరణించే హక్కు లేదని స్పష్టం చేసింది. వెంకటేష్ నాటికి అమలులో ఉన్నది ఇదే.

తరువాతి మార్పులు
ఈ విషయంపై లా కమిషన్ ఇచ్చిన రెండు నివేదికలకూ తెలుగువారైన న్యాయమూర్తులే అధ్యక్షులు: 2006లో ఎం.జగన్నాధరావు (196వ నివేదిక), 2012లో పి.వి.రెడ్డి (241వ నివేదిక). ఇరువురూ కోరింది రోగి చికిత్సను నిరాకరించేందుకు, వైద్యుడు దానిని ఉపసంహరించేందుకు రక్షణ మాత్రమే. పార్లమెంటు చట్టం చేయకపోవడంతో భారం న్యాయస్థానాలపైనే పడింది. 2011 మార్చి 7న అరుణా షాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు, హైకోర్టు అనుమతితో పరోక్ష కారుణ్య మరణాన్ని అంగీకరించింది. 2018 మార్చి 9న 'కామన్ కాజ్' సంస్థ వేసిన కేసులో గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనని, ముందస్తు వైద్య వీలునామా చెల్లుతుందని తీర్పునిచ్చింది. తొలి నిబంధనలు ఆచరణలో పెట్టడానికి వీలులేనంత జటిలంగా ఉండడంతో 2023 జనవరిలో సడలించారు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేక గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరించుకుంటే చాలు. చికిత్స ఆపే ముందు రెండు వైద్య బోర్డులు ఆమోదించాలి.

ఈ నిబంధనల ప్రకారం వెంటిలేటరు వద్దనే కోరికకు నేడు మార్గం ఉన్నది. అవయవాల కోసం ప్రాణం తీయడం మాత్రం నేటికీ నేరమే. నెదర్లాండ్స్‌లో వైద్యుని చేతి మరణాన్ని 2002 నుండి చట్టం అనుమతిస్తున్నది.

అన్ని అభ్యర్థనలూ ఒకే కోవకు చెందవు. 2016లో చిత్తూరు జిల్లాకు చెందిన తల్లిదండ్రులు కాలేయవ్యాధితో ఉన్న పసిపాపకు కారుణ్య మరణం ప్రసాదించమని కోర్టుకు వెళ్ళారు. వారికి కావలసింది మరణం కాదు, చికిత్సకు డబ్బు. ప్రభుత్వం ఖర్చు భరించడంతో కాలేయమార్పిడి జరిగింది.

వెంకటేష్ జీవితం ఆధారంగా శ్రీకాంత్ మూర్తి 'ది లాస్ట్ హుర్రా' అనే ఆంగ్ల నవల వ్రాశారు. దాని ఆధారంగా రేవతి దర్శకత్వంలో 'సలామ్ వెంకీ' హిందీ చిత్రం 2022 డిసెంబరు 9న విడుదలైంది. తల్లి పాత్రను కాజోల్, వెంకటేష్ పాత్రను విశాల్ జేఠ్వా పోషించారు.