కాందిశీకుల పత్రము

‘కాందిశీకుడు’ అను మాట ‘కాం దిశమ్’ అను సంస్కృత పదములనుండి పుట్టినదని పెద్దలు చెప్పుదురు. ‘ఏ దిక్కునకు పోదును?’ అని దాని భావము. భయముచే ఇల్లు విడిచి పరుగెత్తువాని నోట వెలువడు ప్రశ్నయే వానికి పేరైనది. ఆధునిక కాలమున ఈ ప్రశ్నకు మరియొక ప్రశ్న తోడైనది. అతడు ఏ దిక్కునకు పోయినను అచ్చటి సరిహద్దులోని అధికారి, “నీ పత్రమేది?” అని అడుగును. రాత్రికి రాత్రి బయలుదేరిన వానియొద్ద పత్రమెక్కడిది? ఒకవేళ ఉన్నను, దానిని ఇచ్చిన ప్రభుత్వమే “వీడు మావాడు కాడు” అన్నచో ఆ కాగితమునకు విలువ యేమి?

మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము ఐరోపాలోని పెక్కు దేశముల మధ్య ప్రయాణీకులు పాస్‌పోర్టు లేకయే తిరుగుచుండెడివారు. యుద్ధముతో ఆ స్వేచ్ఛ అంతరించెను. ఆ తరుణముననే రష్యాలో 1917 నాటి విప్లవము, దాని వెంట అంతర్యుద్ధము వచ్చినవి. పది లక్షలకు పైబడిన జనులు ఓడలలోను, రైళ్లలోను, కాలినడకను దేశము దాటిపోయిరి. కొందరు కాన్‌స్టాంటినోపిలు చేరిరి. కొందరు బెర్లిను, పారిసు నగరములకును, మరికొందరు చైనాలోని హార్బిను పట్టణమునకును పోయిరి. 1921 డిసెంబరులో సోవియట్ ప్రభుత్వము ఇట్లు వెడలిపోయిన వారిలో అత్యధికుల పౌరసత్వమును రద్దు చేసెను. ఒక్క శాసనముతో లక్షలాది మంది ఏ దేశమునకును చెందనివారైరి. వారు ఉన్నచోట పని దొరకదు. పని ఉన్నచోటికి పోవుటకు వీలులేదు.

ఈ చిక్కును విప్పు బాధ్యతను 1921లో నానాజాతి సమితి ఫ్రిట్యోఫ్ నాన్సెన్ అను నార్వే దేశీయునకు అప్పగించెను. అతడు చదివినది జంతుశాస్త్రము, పేరుపొందినది సాహసయాత్రలచే. 1888లో మంచుపై జారు బద్దలను కాళ్లకు కట్టుకొని గ్రీన్లండు ద్వీపమును అడ్డముగా దాటెను. 1893లో ‘ఫ్రామ్’ అను తన ఓడను కావలెననియే ఉత్తర ధ్రువ సముద్రపు మంచులో చిక్కుకొననిచ్చి, ఆ మంచు దానిని ఎటు కొనిపోవునో పరిశీలించెను. 1895లో ఒక్క సహచరునితో ఓడ విడిచి, కుక్కలు లాగు బండ్లతో అంతకుముందెవ్వరును చేరనంత ఉత్తరమునకు పోయెను. ధ్రువము మాత్రము అందలేదు. మరలి వచ్చుచు ఒక చలికాలమంతయు వారిరువురును రాతిగుడిసెలో ఎలుగుబంటి మాంసము తినుచు గడిపిరి. దిక్కుతోచని చోట నిలిచియుండుట యననేమో ఇట్టివానికి ఒకరు చెప్పనక్కరలేదు గదా!

1922 జూలైలో జెనీవాలో పలు ప్రభుత్వముల ప్రతినిధులు సమావేశమై, నాన్సెన్ ప్రతిపాదించిన పత్రమును అంగీకరించిరి. లోకులు దానిని ‘నాన్సెన్ పాస్‌పోర్టు’ అని పిలిచిరి. నిజమునకు అది పాస్‌పోర్టు కాదు. పౌరసత్వమును ఇచ్చునది అంతకంటె కాదు. దానిని ధరించినవాడు ఫలానివాడనియు, రష్యనుడై పుట్టెననియు, వేరొక దేశపు పౌరసత్వము పొందలేదనియు మాత్రమే అది తెలుపును. కాందిశీకుడున్న దేశపు ప్రభుత్వము దానిని ఇచ్చును. ఇతర దేశములు దానిపై తమ ప్రవేశముద్ర వేయును. ఇంత తక్కువ కోరుటచేతనే ప్రభుత్వములు దానిని కాదనలేకపోయినవని నాకు తోచును. మొదట పదునారు ప్రభుత్వములు ఒప్పుకొనగా, తరువాత ఆ సంఖ్య ఏబదిని దాటెను. 1924లో ఆర్మీనియనులకును, 1928లో అస్సీరియనులు మున్నగువారికిని దానిని విస్తరించిరి. పత్రమునకు ఏటేట ఐదు బంగారు ఫ్రాంకుల విలువగల బిళ్ల అంటింపవలెను. ఆ బిళ్లపై నాన్సెన్ ముఖచిత్రముండెను. ఆ సొమ్ము బీద కాందిశీకుల సహాయమునకు వినియోగపడెను. సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు షాగాల్, రచయిత నబొకోవ్ ఈ పత్రముతోనే దేశములు తిరిగిరి.

అయితే దానిలో ఒక లోపముండెను. పత్రమిచ్చిన దేశము, ఆ మనుష్యుని మరల రానీయవలెనను నియమము మొదట లేదు. అందుచే ఇతర దేశములు, “ఇతడు మాయొద్దనే ఉండిపోయిన గతి యేమి?” అని సంకోచించినవి. 1926 నాటి ఒడంబడికతో ఆ లోపము కొంత తీరినది. ఇక జీవనోపాధికి వత్తము. యుద్ధమున పదమూడు లక్షలకు పైగా సైనికులను కోల్పోయిన ఫ్రాన్సు పనివాండ్ర కొరకు వెదకుచుండెను. రష్యనులు అచ్చటి గనులలోను, మోటారుకార్ల కర్మాగారములలోను చేరిరి. ఒకనాడు సైన్యములను నడపిన అధికారులు పారిసు వీధులలో టాక్సీలు నడపిరి.

నాన్సెన్ చేసిన పనులన్నియు ఇట్లు నిర్వివాదములు కావు. 1922లో గ్రీసు సైన్యము తుర్కీలో ఓడిపోగా లక్షలాది క్రైస్తవులు గ్రీసునకు పారిపోయి వచ్చిరి. ఇరు దేశములును తమ అల్పసంఖ్యాకులను మార్చుకొనవలెనని నాన్సెన్ ప్రోత్సహించెను. 1923 జనవరిలో లోజాన్ నగరమున ఆ ఒప్పందము జరిగెను. ఎవరు ఎటు పోవలెనో నిర్ణయించినది భాష కాదు, మతము. తుర్కీ భాష తప్ప వేరెరుగని క్రైస్తవులు గ్రీసునకును, గ్రీకు మాత్రమే మాటలాడు క్రీటు ద్వీపపు ముస్లిములు తుర్కీకిని పోవలసివచ్చెను. వారి ఇష్టానిష్టములను ఎవరును అడుగలేదు. 1928 జనాభా లెక్కలలో గ్రీసు ప్రజలలో దాదాపు అయిదుగురిలో ఒకడు కాందిశీకుడు. విదేశపు అప్పు తెచ్చి, ఒక ప్రత్యేక సంఘము ద్వారా వారికి భూములు, ఇండ్లు, పశువులు ఇచ్చిరి. అయినను, తుర్కీ మాటలాడు వారిని ఇరుగుపొరుగువారు ‘తుర్కీ విత్తనములు’ అని చాలకాలము ఎగతాళి చేసిరి.

1930లో నాన్సెన్ మరణించెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట 1951లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున కాందిశీకుల ఒడంబడిక ఏర్పడెను. ప్రాణాపాయమున్న చోటికి ఎవరినిని బలవంతముగా త్రిప్పి పంపరాదనుట అందు ముఖ్యనియమము. భారతదేశము దానిపై సంతకము చేయలేదు. కాని 1959 మొదలు టిబెటనులకును, 1983 తరువాత శ్రీలంక తమిళులకును ఆశ్రయమిచ్చెను.

ఈ కష్టము తెలుగువారును కొంత చవిచూచినదే. కాకినాడ చెంతనున్న కోరంగి రేవునుండి పూర్వము ఎందరో కూలిపనికై బర్మా పోయిరి. ఆ రేవు పేరుననే బర్మీయులు వారిని ‘కొరంగీ’లనిరి. 1942లో జపాను దండయాత్ర వేళ లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి నడచి వచ్చిరి. త్రోవలో వేలకొలది మరణించిరి. 1960ల తరువాత మరల పెక్కుమంది తిరిగివచ్చిరి. విశాఖపట్టణములో ‘బర్మా క్యాంపు’ అను పేట నేటికిని కలదు. రష్యనులకు లేనిది వీరికొకటి ఉండెను: “మావారు” అనుటకు ఒక దేశము.

ఆశ్రయము దొరికిన పిదప మనుష్యుడు నిలదొక్కుకొనుటకు ఏది తోడ్పడునో నేడు పండితులు పరిశోధించుచున్నారు. ఇది అనుకొన్నంత సులభము కాదు. కాందిశీకులు తమకు నచ్చిన ఊళ్లకు పోయినచో, వారి అభివృద్ధికి కారణము ఆ ఊరో, వారి చొరవయో తేల్చుట కష్టము. స్విట్జర్లాండులో ఆ చిక్కు తక్కువ. ఆశ్రయము కోరి వచ్చినవారిని, వారి చదువు సంధ్యలతో నిమిత్తము లేక, కాంటన్లను రాష్ట్రములకు జనాభా ప్రకారము పంచుదురు. అది చీట్లు వేసినట్లే యగును. అందుచే ఫ్రెంచి తెలిసినవాడు జర్మను మాటలాడు ప్రాంతమున పడుటయు కలదు. అట్టివారికి పని దొరకుట ఆలస్యమగుచున్నదని తేలినది. 2016లో వెలువడిన మరియొక పరిశోధన, ఆశ్రయమిచ్చు నిర్ణయము కొరకు వేచియుండిన కాలమును లెక్కించెను. నిరీక్షణ ఒక్క సంవత్సరము పెరిగినచో, తరువాత పనిలో చేరువారు నూటికి నలుగురైదుగురు తగ్గుచున్నారు. శిబిరమున ఊరక కూర్చుండి, రేపేమగునో తెలియక గడపిన దినములు వారి ఉత్సాహమును హరించుచున్నవని పరిశోధకులు భావించిరి. 2024 చివరకు యుద్ధములచేతను, హింసచేతను ఇండ్లు విడిచినవారు ప్రపంచమున 12 కోట్లకు పైబడిరి. వారిలో సగముకంటె ఎక్కువమంది తమ దేశపు సరిహద్దును దాటనేలేదు. ఏ ఒడంబడిక యొక్క నీడయు వారికి పూర్తిగా అందదు.