అంతర్జాల వేలములో బంగారు నాణెములు

పరదరామి ప్రాంతమున ఒక యింట పెండ్లి నిశ్చయమైనదనగా మొదట లెక్కకు వచ్చునది బంగారము. చిత్తూరు వైపు చుట్టములు కాసులనియు, గుడియాత్తము అంగళ్ళలో సవరనులనియు చెప్పుకొన్నను తూకము ఎనిమిది గ్రాములే. ఈ యేడు మా పాఠశాల తండ్రులలో ఒకరు తమ చరవాణిని మా చేతికిచ్చి, "అయ్యా, ఈ యింగ్లీషు కొంచెము చదివి చెప్పండి" అనిరి. చూడగా అది యొక అంతర్జాల వేలము. ఐదవ జార్జి బొమ్మగల నాలుగు సవరనులు. కూతురి కాసులపేరునకు పనికివచ్చునని వారి యాశ. ధర ఆనాటి బంగారపు వెలలో సగమునకు లోపు. వారికి మేము చెప్పిన సంగతులనే ఇక్కడ తల్లిదండ్రులందరి కొఱకు వ్రాయుచున్నాము.

మొదట ధర మాట. మంచి సవరను నే ఊరి కంసాలి కిచ్చినను కరగించి లోహపు వెల కట్టును. అట్టి దానిని ముక్కు మొగము తెలియని వానికి సగము వెలకు అమ్ముకొను నవసర మెవ్వరికి గలదు?

తరువాత వర్ణనలోని మాటలు. మన పిల్లలు ఇంగ్లీషు చదువుదురు గాని ఈ మాటలు పాఠ్యపుస్తకములలో రావు. 'రెప్లికా', 'కాపీ' అనిన నకలు. 'గోల్డ్ ప్లేటెడ్' అనిన బంగారు పూత. 'హెచ్.జి.ఇ.' అని మూడక్షరము లున్నను పూతయే. అన్నిటికన్న టక్కరిది '100 మిల్స్ 999 గోల్డ్' అనుట. 999 అన్న అంకె చూచి మేలిమి యని భ్రమపడుదుము. ఆ మేలిమి పైనున్న పలుచని పూతకే గాని నాణెమునకు గాదు. అమెరికాలో 1973 నాటి చట్టము ననుసరించి నకలు నాణెముపై 'కాపీ' యని ముద్రింపవలెను. అమ్మువాడు ఆ ముఖమును చూపకుండ రెండవ ముఖమునే చిత్రము తీసి పెట్టవచ్చును. కావున రెండు ముఖములను తప్పక అడుగవలెను.

అంతకన్న ముఖ్యముగా అంచును అడుగవలెను. సవరను అంచున సన్నని గీతలు వరుసగా, సమముగా నుండును. అచ్చులో పోసిన నకలునకు అంచు చుట్టును అతుకు గీత కనబడుటయు, ముఖమున సూదిమొన గుంటలో, చిన్న బొడిపెలో యుండుటయు కలదు. అక్షరముల మూలలు కరగిన మైనమువలె మొద్దుబారును. మఱియొక గుర్తు: ఐదవ జార్జి బొమ్మతో, గుఱ్ఱపు డెక్కల క్రింది నేలగీతపై 'ఐ' అను ఇంగ్లీషు అక్షరము గల సవరను బొంబాయి టంకశాలలో ముద్రితమైనది. దానిపై సంవత్సరము 1918 మాత్రమే యుండును. వేఱు సంవత్సరముండిన అది అబద్ధము.

వేంకటపతి రాయల కాలమున మన వేలూరు రాజధానిగా నుండెను గనుక, విజయనగర వరహాల పేరు చెప్పి మనవారిని ఆకర్షించుట సులభము. ఆయన వరహాపై ఒకవైపు నిలుచున్న వేంకటేశ్వరుడు, మఱియొకవైపు నాగరిలిపిలో ఆ స్వామికి నమస్కార వాక్యము నుండును. తూకము సుమారు 3.4 గ్రాములు. చరవాణి తెరపై రూపాయి బిళ్ళయంత కనబడినను చేతిలో అది చింతగింజ యంతయే. ఇవి సుత్తితో ఒక్కొక్కటిగా కొట్టినవి. బొమ్మ ఒకదానిలో ఎడమకు, వేఱొకదానిలో కుడికి జరిగియుండును. ఒకే వ్యాపారి యొద్ద రెండు వరహాలకు ఒకేచోట ఒకే గంటు, ఒకే వంపు కనబడినచో, రెండును ఒక్క అచ్చున పోసినవని తలంపవలెను. దీనిని ఇంట కూర్చుండి చిత్రములోనే పట్టుకొనవచ్చును. 1818 నాటి ఈస్టిండియా కంపెనీ రామపట్టాభిషేక నాణెమని అమ్మునవి మాత్రము పరీక్షింప నక్కఱలేదు. కంపెనీవారు అట్టి నాణెమును వేయనే లేదు.

నాణెము చేతికి వచ్చినపుడు అసలు సాక్షి త్రాసు. సవరను తూకము 7.988 గ్రాములు, వెడల్పు 22.05 మిల్లీమీటర్లు, బంగారము 22 క్యారెట్లు. వాడుకలో అరిగి 7.94 వఱకు దిగవచ్చును; కాసులపేరునకు కొక్కి అతికించి తీసినదైన టంకపు మచ్చ యుండును. ఇత్తడి సవరను సరియైన కొలతలో నుండిన దాదాపు సగమే తూగును. సరియైన తూకమునకు తెచ్చినచో రెండింతల మందమగును. నీటి పరీక్షయు సులభమే. వందవ వంతు గ్రాము చూపు త్రాసుపై నీళ్ళ గిన్నె పెట్టి, సున్నకు తెచ్చి, నాణెమును దారమున కట్టి అడుగు తాకకుండ ముంచవలెను. సవరనైన సుమారు 0.45 గ్రాము చూపును. అదే తూకముగల ఇత్తడి 0.9 దాటును. టంగ్‌స్టను లోహపు సాంద్రత బంగారముతో దాదాపు సమానము. లోపల అది పెట్టి పైన బంగారము కప్పినచో ఈ పరీక్షయు ఓడిపోవును. పై పొరను మాత్రమే చూచు ఎక్స్‌రే యంత్రమును మోసపోవచ్చును. అది చిన్న నాణెములకన్న పెద్ద కడ్డీలలో ఎక్కువ.

చట్టపు మాట యొకటి. నూరేండ్లు దాటిన నాణెములకు 1972 నాటి పురావస్తు చట్టము వర్తించును. వాటిని విదేశములకు పంపుట నేరము. పాత నాణెములను కొనెదమని రిజర్వు బ్యాంకు పేరు చెప్పి రుసుము వసూలు చేయు మోసమును గూర్చి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించినది. సొమ్ము పోయిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. గంటలు గడచినకొలది అది చేతులు మాఱిపోవును.

ఆ తండ్రి చేత మేము అమ్మకందారునకు మూడు ప్రశ్నలు వ్రాయించితిమి: తూకమెంత, వెడల్పెంత, అంచు చిత్ర మేది? మొదటి రెంటికి బదులు రాలేదు. మునుపటి ముఖచిత్రమునే మరల పంపి, వేలముతో పనిలేకుండ సొమ్మును నేరుగా తన ఖాతాకు వేయుమని వ్రాసిరి. ఆయన ఆ రూపాయలను పెండ్లి నగలకే దాచుకొనిరి. అంచు చిత్రము నేటికిని రాలేదు.