అరణ్యము నేర్పు పాఠము



“మా పిల్లవాడు పదిమందితో కలియడు, చెప్పిన పని చేయడు, చేతిలోని ఫోను విడువడు” అని తల్లిదండ్రులు మాతో వాపోవుచున్నారు. ఇట్టి బాలబాలికలను కొన్నిదినములు అడవులలో నుంచి, గుడారము వేయుట, వంటచెఱకు తెచ్చుట మొదలైన పనులచే నడవడి దిద్దు పద్ధతి పాశ్చాత్యదేశములలో గలదు. 1941లో వేల్సునందలి అబెర్‌డోవీలో కర్ట్ హాన్ ప్రభృతులు యువకులకై నెలకొల్పిన సాహసశిక్షణాలయము దీనికి ఒక మూలము. అది మనకు తగునా యని కొందరు మమ్ము ప్రశ్నించిరి.

భాగవతము దశమస్కంధమును స్మరింపుడు. గురుపత్ని యాజ్ఞచే కట్టెలకై అడవికేగిన శ్రీకృష్ణకుచేలులను అకాలవర్షము చుట్టుముట్టినది. చీకటిలో దారి తెలియక, ఒకరిచేయి నొకరు పట్టుకొని, వారు రాత్రియంతయు గడపిరి. తెల్లవారగనే సాందీపని వెదకుచు వచ్చి శిష్యులను దీవించెను. ఇందు పని యున్నది, తోడు యున్నది, వెదకివచ్చు గురువును ఉన్నాడు. ఈ మూడింటిలో ఏ యొకటి లోపించినను అది శిక్షణ కాదు.

మహాభారతమున ధౌమ్యుని శిష్యుడైన ఆరుణి, పొలముగట్టునకు గండి పడగా, వేఱుపాయము తోచక తానే అడ్డముగ పరుండి నీటిని నిలిపెను. గోదావరి లంకలవారికి ఈ కథకు వ్యాఖ్యానము అక్కఱలేదు. 1986 ఆగస్టు వరదలలో గట్లపై ఇసుకబస్తాలు మోసినవారికి, ఒక్క గండి ఊరంతటిని ముంచునని తెలియును. గట్టు కాచునపుడు “ఇది నా వంతు కాదు” అను మాటకు తావు లేదు. బాధ్యత యనగా అదియే.

మనకాలమునను నిదర్శనము కలదు. 2014 మే 25న సాంఘికసంక్షేమ గురుకుల విద్యార్థులైన మాలావత్ పూర్ణ, ఆనందకుమార్ ఎవరెస్టు శిఖరము నధిరోహించిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. ఆమె కూలిచేసుకొను దంపతుల బిడ్డ. వారు ఒక్కసారిగ హిమాలయమున కేగలేదు. భువనగిరి కొండరాళ్లపై అభ్యసించి, డార్జిలింగులో శిక్షణపొంది, పిమ్మట సాహసించిరి. ఒకేత్రాటికి కట్టుకొని నడచువారికి తోడివాని అడుగు తన అడుగంత విలువైనదని వేఱుగ చెప్పవలెనా!

అయితే ఒక హెచ్చరిక. అమెరికాలో కొన్నిచోట్ల పిల్లలను బలవంతముగ అడవులకు తరలించి, కఠినముగ వర్తించుటచే ప్రాణహానియు కలిగినది. అది గురుధర్మము కాదు. మన పాపికొండల దారిలోనే 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పడవ మునిగి ఎన్ని కుటుంబములు శోకించెనో మఱువరాదు. వరదనాడు నదిపై సాహసించుట ధైర్యము కాదు. మనోవ్యాధి గల బిడ్డకు ముందుగ వైద్యుడే శరణ్యము.

కావున మేము చెప్పునది ఇది. మారేడుమిల్లి వంటి వనసీమలకు పిల్లలను చిన్నజట్లుగ, అనుభవజ్ఞులైన పెద్దలతో, వారి సమ్మతితో పంపుడు. ఒకరికి నీరు, ఒకరికి పొయ్యి, ఒకరికి బియ్యము అప్పగింపుడు. నీరు రాకున్న అన్నము ఉడకదు. ఆ పూట ఆకలియే ఆచార్యుడగును. ఇంటికి వచ్చిన పిదప ఆ బాధ్యతను తీసివేయక, గోసేవయో, తులసికి నీరు పోయుటయో నిత్యము వారికే విడువుడు. మఱచినపుడు కోపింపక జ్ఞప్తి చేయుడు.

అడవికి పంపుట సులభము. సాందీపనివలె తెల్లవారగనే వెదకుచు పోవుట కష్టము. ఆ కష్టము పెద్దలది.

శుభం భూయాత్.