పాట కట్టడానికి ఎంత కంప్యూటరు కావాలి? అపోహలు – వాస్తవాలు

ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకోవాలనుకునేవారికి ముందుగా ఎదురయ్యే సలహా ఒకటుంది: ఖరీదైన ప్రాసెసరు, 32 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఈ పనిలోకి దిగొద్దు. అది విని వెనక్కి తగ్గేవారు కొందరైతే, ఉన్న డబ్బంతా కంప్యూటరుకే పోసి మంచి మైకు కొనలేకపోయేవారు మరికొందరు. నిజానికి ఆర్డర్ లాంటి ఓపెన్ సోర్స్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు 48,000 హెర్ట్జ్ వద్ద ఒక ట్రాకును 32 బిట్లలో రాసుకోవడానికి సెకనుకు 192 కిలోబైట్లు చాలు. 24 ట్రాకులు ఒకేసారి నడిచినా సెకనుకు 5 మెగాబైట్లు దాటదు. పాతకాలపు హార్డ్ డిస్కుకు కూడా అది బరువు కాదు. గ్రాఫిక్స్ కార్డుకు ఈ పనిలో దాదాపు పాత్రే లేదు.

మరి ఇబ్బంది ఎక్కడ వస్తుంది? వేళ తప్పడంలో. శబ్దాన్ని కంప్యూటరు 128 శాంపిళ్ల చొప్పున ముక్కలుగా (బఫర్లుగా) అందిస్తోందనుకుందాం. 48,000 హెర్ట్జ్ వద్ద అలాంటి ముక్కలు సెకనుకు 375 కావాలి. అంటే ఒక్కోదానికి గడువు 2.7 మిల్లీసెకన్లే. పంక్తిలో వడ్డన చేసేవాడు ఎంత బలశాలి అన్నది ఎవరూ అడగరు, విస్తరి ఖాళీ కాకముందే వచ్చాడా లేదా అన్నదే లెక్క. ఇక్కడా అంతే. సగటున ఎంత వేగంగా పనిచేసినా, ఒక్క గడువు తప్పితే చెవికి ‘టప్’మని వినిపిస్తుంది. వేడెక్కి వేగం తగ్గించుకునే సన్నటి ల్యాప్‌టాప్, విద్యుత్తు పొదుపు కోసం మాటిమాటికీ కునుకు తీసే ప్రాసెసరు, మధ్యలో అడ్డుపడే వైఫై డ్రైవరు... ఇవన్నీ గడువు తప్పించేవే. అందుకే గొప్ప స్పెసిఫికేషన్లున్న కొత్త ల్యాప్‌టాప్ కన్నా, చల్లగా నిలకడగా నడిచే పాత డెస్క్‌టాప్ ఈ పనిలో ఎక్కువ నమ్మదగినది కావచ్చు.

విండోస్ 11 ఎక్కని కంప్యూటరు తుక్కు కిందే లెక్క అన్నది రెండో అపోహ. కొనేవారికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. మైక్రోసాఫ్ట్ నిబంధన ప్రకారం ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కు అర్హత. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో ఆఫీసులు వదిలించుకునే ఆరో, ఏడో తరం మినీ పీసీలకు గిరాకీ తగ్గింది. లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ ఈ కోవలోవే. చాలావాటిలో ఉండే ఐ5-6500టీకి నాలుగు కోర్లు, 35 వాట్ల డిజైన్ పరిమితి. ఫ్యాను గోల తక్కువ, కాబట్టి మైకు పక్కన పెట్టుకోవడానికి పనికొస్తుంది. విండోస్ బదులు లైనక్స్ వేసుకుంటే ఇవి ఏ అడ్డంకీ లేని యంత్రాలు. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ బజార్లలో సెకండ్ హ్యాండ్ సరుకు చూసేటప్పుడు విండోస్ 11 ఎక్కుతుందా అన్న ప్రశ్న పక్కన పెట్టవచ్చు. 8 జీబీ ర్యామ్, ఒక కొత్త ఎస్ఎస్‌డీ వేసుకుంటే పాటల పనికి సిద్ధం.

అన్నిటికన్నా చవక రాస్ప్‌బెర్రీ పై కదా, అదే కొనొచ్చు కదా అంటారు కొందరు. బోర్డు ఒక్కటే చూస్తే చవకే. పవర్ సప్లై, కేసు, కూలరు, స్టోరేజీ కలిపితే ఆ తేడా కరిగిపోతుంది. పై 4కు హెడ్‌ఫోన్ జాక్ ఉన్నా మైకు ఇన్‌పుట్ లేదు. పై 5లో ఆ జాక్ కూడా తీసేశారు. లైనక్స్ ప్లగిన్లలో కొన్నిటిని ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకే తయారుచేస్తారు. ఒకే పని చేసే యంత్రంగా మాత్రం అది నిజంగా మంచిది. జింథియన్ అనే ఓపెన్ సోర్స్ సింథసైజర్ దాని మీదే నడుస్తోంది. పూర్తి పాటను మిక్స్ చేయడానికి మినీ పీసీయే మేలు.

లైనక్స్‌లో ఆడియో ఓ తలనొప్పి అన్న మాటకు ఒకప్పుడు ఆధారం ఉండేది. ఇప్పుడు పరిస్థితి మారింది. లైనక్స్‌లో ఆడియోను నడిపించే పైప్‌వైర్ 1.0 2023లో వచ్చింది. కచ్చితమైన గడువులు పాటించే రియల్‌టైమ్ ఏర్పాటు ఏళ్ల తరబడి విడి ప్యాచ్‌గా ఉండి, 2024 నవంబరులో విడుదలైన లైనక్స్ 6.12తో ప్రధాన కెర్నెల్‌లో చేరింది. మైకును కంప్యూటరుకు కలిపే యూఎస్‌బీ క్లాస్ కంప్లయంట్ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు వేరే డ్రైవరే అక్కర్లేదు. పాడేవారికి తమ గొంతు ఆలస్యంగా వినిపిస్తుందన్న భయం ఉంటే డైరెక్ట్ మానిటరింగ్ ఉన్న ఇంటర్‌ఫేస్ కొనాలి. అప్పుడు గొంతు కంప్యూటరు దాకా వెళ్లకుండానే హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. ఒక అభ్యంతరాన్ని మాత్రం ఒప్పుకుని తీరాలి. సినిమా నేపథ్య సంగీతం కోసం పదుల జీబీల ఆర్కెస్ట్రా శాంపిళ్లు లోడ్ చేసేవారికి, కాంటాక్ట్ లాంటి శాంపిళ్లు వాయించే ప్లగిన్ మీదే పని నడిచేవారికి ఈ దారి సరిపడదు. కాంటాక్ట్ లైనక్స్‌కు రాలేదు, శాంపిళ్లకు ర్యామ్ ఎక్కువే కావాలి. గొంతు, వీణ, గిటారు, తబలా రికార్డు చేసి, సర్జ్ ఎక్స్‌టీ లాంటి సింథ్‌లు కలిపి పాట కట్టుకునేవారికి ఆ అడ్డంకులు ఎదురుకావు.

కొనేముందు ఉబుంటు స్టూడియో అనే లైనక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇంటర్‌ఫేస్ వెంట తీసుకెళ్లి దుకాణంలోనే బూట్ చేయమని అడగండి. ఆర్డర్‌లో బఫర్ 128కి పెట్టి, నాలుగైదు ట్రాకులకు రివర్బ్ తగిలించి పావుగంట నడవనివ్వండి. తప్పిన గడువుల సంఖ్య కిటికీ పైభాగంలోనో అడుగునో స్టేటస్ వరసలో కనిపిస్తుంది. అది పెరుగుతూ పోతుంటే బఫర్ 256 చేసి చూడండి. అప్పుడూ ఆగకపోతే ఆ యంత్రం వదిలేసి పక్కదాన్ని అడగండి.