కొత్త చేపకు కొన్నాళ్లు వేరు తొట్టె తప్పనిసరి

కోల్‌కతా: ఉత్తర కోల్‌కతాలోని గాలిఫ్ స్ట్రీట్‌లో ప్రతి ఆదివారం జరిగే సంతకు అలంకార చేపల కోసం ఔత్సాహికులు తరలివస్తారు. ఇలాంటి సంతలో కొన్న ఒక్క చేప, ఇంటి అక్వేరియంలో ఏళ్లుగా పెరుగుతున్న చేపలన్నింటికీ ప్రాణాంతకం కావచ్చు.

ఇందుకు ముఖ్య కారణం తెల్లమచ్చల వ్యాధి. రొయ్యల చెరువులను దెబ్బతీసే ఇదే పేరుగల వ్యాధికి మూలం వైరస్ కాగా, మంచినీటి చేపల్లో దీనిని 'ఇక్తియోఫ్తిరియస్' అనే ఏకకణ పరాన్నజీవి కలిగిస్తుంది. అది చేప చర్మంలో పెరిగి, తొట్టె అడుగుకు జారి, వందలుగా విభజన చెందుతుంది. ఆ పిల్లజీవులు ఈదుతూ మళ్లీ చేపలను ఆశ్రయిస్తాయి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ చక్రానికి సుమారు వారం పడుతుంది. మందులు ఈదే దశలోనే పనిచేస్తాయి. తొలినాళ్లలో మచ్చలు కనిపించకపోవచ్చు.

అందువల్ల కొత్త చేపను 2 నుంచి 4 వారాలు వేరు తొట్టెలో పరిశీలనలో ఉంచాలి. తొలుత సంచిని 15-20 నిమిషాలు నీటిపై తేలనిచ్చి, ఉష్ణోగ్రతలు సమమయ్యాక వలతో చేపను మాత్రమే తొట్టెలోకి మార్చాలి. సంచిలోని నీటిని అందులో పోయరాదు. రెండు తొట్టెలకూ ఒకే వలను వాడితే వేరుగా ఉంచిన ప్రయోజనం నెరవేరదు. గడువు ముగిశాక కూడా కొన్ని చేపలనే విడతలవారీగా ప్రధాన తొట్టెలో వదలాలి. ఒకేసారి ఎక్కువ చేపలు చేరితే వాటి వ్యర్థాల నుంచి వెలువడే అమ్మోనియాను ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా తట్టుకోలేదు.