అరకు కొండల్లోని రాయి ఎన్ని కోట్ల ఏళ్లు ఉడికింది? లెక్క చెప్పే 'గడియారాలు' రాళ్లలోనే!

అరకు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు కొండను తొలిచిన చోట ఓసారి ఆగి చూడండి. ఎర్రగా, చారలు చారలుగా ఉన్న రాయి కనిపిస్తుంది. దగ్గరకెళ్తే మధ్యలో ముదురు ఎరుపు గింజలు కూడా ఉంటాయి. ఆ రాయి పేరు ఖోండలైట్. తూర్పు కనుమల్లోని ఖోండ్ తెగ పేరు మీదే దీనికి ఆ పేరు పెట్టారు. విశాఖలో కైలాసగిరి, సింహాచలం కొండల్లోనూ ఎక్కువగా ఉండేది ఇదే. ఒడిశాలోని కోణార్క్ ఆలయాన్ని కట్టింది కూడా ప్రధానంగా ఈ రాయితోనే.

ఇంత గట్టి రాయి ఒకప్పుడు ఏంటో తెలుసా? నీటి అడుగున పేరుకున్న బురద! ఆ బురద గట్టిపడి, భూమి లోపలికి పాతిక కిలోమీటర్లకు పైగా దిగిపోయింది. అక్కడ 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఉడికి, పూర్తిగా వేరే రాయిగా మారింది. స్కూల్లో చదువుకున్న 'రూపాంతర శిలలు' అంటే ఇవే.

మరి ఇదంతా ఎప్పుడు జరిగింది? ఎంత కాలం పట్టింది? చూసినవాళ్లు ఎవరూ లేరు కదా, శాస్త్రవేత్తలు ఎలా చెబుతున్నారు?

మొదటి గడియారం: జిర్కాన్

రాయిలో కంటికి కనిపించనంత చిన్న జిర్కాన్ గింజలు ఉంటాయి. జిర్కాన్ ఏర్పడేటప్పుడు కొద్దిగా యురేనియంను లోపలికి రానిస్తుంది, సీసాన్ని మాత్రం దాదాపుగా రానివ్వదు. ఆ యురేనియం నెమ్మదిగా సీసంగా మారుతూ ఉంటుంది. యురేనియం-238 సగానికి తగ్గడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. యురేనియం-235కి సుమారు 70 కోట్ల ఏళ్లు. అంటే ఒకే గింజలో రెండు గడియారాలన్నమాట. ఒకటి తప్పు చూపిస్తే రెండోది పట్టిస్తుంది.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. జిర్కాన్ గింజ మధ్యభాగం పాత ఇసుకతో పాటు కొట్టుకొచ్చింది కావచ్చు. దాని చుట్టూ ఉన్న పొర మాత్రం రాయి ఉడికినప్పుడు కొత్తగా పెరిగింది. మొత్తం గింజను కరిగించి లెక్కేస్తే రెండు వయసులూ కలిసిపోయి, అసలు ఏ సంఘటనకూ చెందని నంబర్ వస్తుంది. అందుకే ఇప్పుడు వెంట్రుక మందం కంటే చిన్న చుక్క మీద అయాన్ కిరణం లేదా లేజర్ గురిపెట్టి, ఒక్కో పొర వయసును విడిగా కొలుస్తున్నారు.

రెండో గడియారం: గార్నెట్

రాయిలో కనిపించే ఆ ఎర్ర గింజలే గార్నెట్. మన జాతిరాళ్లలోని గోమేదికం కూడా ఈ కుటుంబానిదే. చెట్టు కాండంలా ఇది మధ్య నుంచి అంచుకు పొరలు పొరలుగా పెరుగుతుంది. మధ్యభాగం వయసు, అంచు వయసు వేర్వేరుగా కొలిస్తే పెరగడానికి పట్టిన టైమ్ తెలిసిపోతుంది. అమెరికాలోని వెర్మాంట్ రాళ్లపై 1989లో వచ్చిన పరిశోధన ఇదే పని చేసింది. అక్కడి గార్నెట్లు 10 లక్షల ఏళ్లకు సగటున 1.4 మిల్లీమీటర్లు మాత్రమే పెరిగాయని తేలింది!

గార్నెట్ ఇంకో విషయం కూడా చెబుతుంది. తడి కాగితం మీద ఇంకు చుక్క పడితే ఏమవుతుంది? టైమ్ గడిచేకొద్దీ చుట్టూ పాకుతుంది. ఎక్కువ వేడిలో గార్నెట్ లోపలి ఇనుము, మెగ్నీషియం కూడా అలాగే పాకుతాయి. పొరల మధ్య గీత పదునుగా ఉంటే వేడి కొద్దికాలమే ఉందని అర్థం. చెదిరిపోయి ఉంటే చాలా కాలం ఉడికిందని అర్థం.

వయసు ఒక్కటే సరిపోదు

జిర్కాన్ పొర వయసు 95 కోట్ల ఏళ్లు అని తేలిందనుకుందాం. అది రాయి వేడెక్కుతున్నప్పటిదా, చల్లబడుతున్నప్పటిదా? దీనికి మోనజైట్ అనే మరో ఖనిజం సాయం చేస్తుంది. గార్నెట్ పెరిగేటప్పుడు చుట్టుపక్కల ఉన్న ఇట్రియం అనే మూలకాన్ని లాగేసుకుంటుంది. కాబట్టి మోనజైట్ పొరలో ఇట్రియం బాగా తక్కువగా ఉంటే, ఆ పొర పుట్టేసరికే పక్కన గార్నెట్ ఉందన్నమాట. ఇలా వయసుకు, సంఘటనకు ముడి వేసే పద్ధతినే పెట్రోక్రోనాలజీ అంటారు.

ఒకటి ఎక్స్‌ప్రెస్, ఇంకోటి ప్యాసింజర్

ఇటలీలోని ఆల్ప్స్ పర్వతాల్లో డోరా మైరా అనే చోట రాళ్లు సుమారు 100 కిలోమీటర్ల లోతుకు వెళ్లి తిరిగొచ్చాయి. టైటనైట్ అనే ఖనిజంలోని పొరల వయసులను బట్టి, అవి 35 కిలోమీటర్ల లోతు వరకు పైకి రావడానికి 20 లక్షల ఏళ్లకు కాస్త ఎక్కువే పట్టిందని 2001లో లెక్కేశారు. అంటే ఏడాదికి సుమారు 3 సెంటీమీటర్లు. దాదాపుగా మన చేతి గోళ్లు పెరిగే స్పీడ్!

మన తూర్పు కనుమల కథ దీనికి పూర్తిగా రివర్స్. జిర్కాన్, మోనజైట్ వయసుల ఆధారంగా 2013లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఇక్కడి రాళ్లు ఆ తీవ్రమైన వేడిలో కనీసం 5 కోట్ల ఏళ్లు, బహుశా 20 కోట్ల ఏళ్ల వరకు ఉన్నాయి. ఇదంతా సుమారు 100 కోట్ల ఏళ్ల కిందటి మాట. తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతం రాళ్లలోనూ దాదాపు ఇవే వయసులు కనిపిస్తాయి. అప్పట్లో ఈ రెండూ కలిసే ఉండేవని చెప్పడానికి ఇదో ముఖ్యమైన ఆధారం.

ఎంతకాలం అన్నది ఎందుకు కీలకం?

ఎందుకంటే వేడి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేది ఆ టైమే. కింది నుంచి శిలాద్రవం చొచ్చుకొస్తే రాయి త్వరగా వేడెక్కి, త్వరగానే చల్లబడుతుంది. కోట్ల ఏళ్లు వేడిగానే ఉందంటే కారణం వేరే ఉండాలి. భూమి పైపొర మందంగా మారడం, అందులోని యురేనియం, థోరియం లాంటివి నెమ్మదిగా వేడి పుట్టించడం, పైన ఉన్న కొండలు త్వరగా అరిగిపోకపోవడం.. ఇవన్నీ కలిస్తేనే అది సాధ్యం. టైమ్ లెక్క తప్పితే మన కొండలు ఎలా పుట్టాయన్న కథే తప్పుతుంది.

భీమిలి, శ్రీకాకుళం తీరాల్లోని ఇసుకలో కనిపించే గార్నెట్, జిర్కాన్, మోనజైట్ గింజలు కూడా ఎక్కువగా ఈ కొండలు అరిగి వచ్చినవే. ఆ గింజల వయసును ఇప్పటికీ కొలవొచ్చు. కానీ ఏ గింజ పక్కన ఏది పెరిగింది, ఏది ముందు ఏది తర్వాత అన్నది ఇసుకలో తెలియదు. అది చెప్పగలిగేది కొండలో ఉన్న రాయి మాత్రమే. క్వారీలోనో, రోడ్డు పనుల్లోనో అది పిండి అయిపోతే వయసు మిగులుతుంది కానీ, కథ మాత్రం దొరకదు. ఈసారి అరకు వెళ్లినప్పుడు ఆ ఎర్ర గింజలున్న రాయి కనిపిస్తే, కాసేపు ఆగి చూడండి!