కడుపు పోయిన ఇంటికి ఎలా అండగా ఉండాలి

సోలాపూర్ పూర్వ భాగంలో మన ఇళ్లు గోడకు గోడ కలిసి ఉంటాయి. ఒక ఇంట్లో మగ్గం ఆగితే పక్కింటికి తెలుస్తుంది. కడుపు పోయిన సంగతి మాత్రం గుసగుసగానే తిరుగుతుంది. నాలుగు రోజులకే ఆ తల్లి మళ్లీ బీడీల చాట ముందు కూర్చుంటుంది.

ముందు కారణాలు తెలుసుకుందాం. గర్భం నిలిచిందని తెలిశాక కూడా 100 లో 10 నుంచి 20 గర్భాలు పోతాయని వైద్యుల అంచనా. మొదటి 3 నెలల్లో పోయినవాటిలో దాదాపు సగానికి పిండంలోని క్రోమోజోముల లోపమే కారణం. బిందె ఎత్తిందనో, పరుగున మెట్లు దిగిందనో కోడలిని నిందించడం తగదు.

రక్తస్రావం కొన్ని రోజులు ఉంటుంది. గంటకో ప్యాడ్ పూర్తిగా తడుస్తున్నా, జ్వరం, దుర్వాసన, తీవ్రమైన కడుపునొప్పి, కళ్లు తిరగడం ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 4, 5 నెలలు దాటాక పోతే పాలు కూడా పడవచ్చు. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఆమె బెదిరిపోతుంది.

బీడీల కూలి వెయ్యికి ఇంత అని లెక్క. చుట్టని రోజు కూలి లేదు. అందుకే విశ్రాంతి అనగానే ఇల్లు ఎట్లా గడుస్తుందన్న దిగులు. గర్భస్రావం అయితే 6 వారాల వేతనంతో సెలవు ఇవ్వాలని 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. 1966 బీడీ కార్మికుల చట్టం ఆ హక్కును ఇంటి దగ్గర చుట్టేవారికీ వర్తింపజేసింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ 6 వారాల నిబంధన ఉంది. ఆసుపత్రి కాగితాలు దాచుకోండి. కార్ఖానాలో అడగండి, యూనియన్ వాళ్లను వెంట తీసుకెళ్లండి.

"ఊకో, ఇంకొకరు పుడతరు" అని మనం ఓదార్పుగానే అంటాం. కానీ ఆమె ఏడుస్తున్నది ఈ బిడ్డ కోసం. "తిన్నవా బిడ్డా" అని అడిగి కాసేపు పక్కన కూర్చుంటే చాలు. వంట, నీళ్లు, పిల్లల బడి పని మనం చూసుకుందాం. శ్రీమంతానికో తొట్టెలకో రావడం, రాకపోవడం ఆమె ఇష్టానికే వదిలేద్దాం. మళ్లీ గర్భం ఎప్పుడన్నది వాళ్లిద్దరూ డాక్టరును అడిగి నిర్ణయించుకుంటారు.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకపోతే డాక్టరుకు చూపించాలి. బతకాలని లేదని అంటే ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ 14416 కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

తండ్రిని కూడా మరవొద్దు. మరుసటి రోజే పవర్‌లూమ్ షిఫ్టుకు వెళ్లినవాడికి దుఃఖం లేదనుకోకండి. మగ్గాల చప్పుడులో అతని బాధ ఎవరికీ వినబడదు. చాయ్ తాగేటప్పుడు అతన్నీ ఒక మాట అడుగుదాం.